మిషనమ్మ నామినేషన్

ఇలా దగ్గరగా వచ్చి కూర్చో తల్లీ, ఆ చేతిలో పని కాసేపు పక్కన పెట్టు. ఇది మిషనమ్మ కథ. పద్దెనిమిదేళ్ళు కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్న ఇల్లాలు ఆమె. వీధి కుళాయి ఎండిపోతే ఆఫీసుల చుట్టూ తిరిగి నీళ్ళు తెప్పించిందీ ఆమే. అందుకే ఆడవాళ్ళంతా, "ఈసారి వార్డుకి నువ్వే నిలబడాలి!" అని పట్టుబట్టారు.

నామినేషన్లకు ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడింటితో గడువు సరి. కాగితాలన్నీ సిద్ధం, డిపాజిట్ కట్టడమే తరువాయి. ఆమె భర్తను అడిగింది. ఆ ఇంటి పద్ధతి అలాంటిది మరి... వారం వారం కుట్టుకూలి తెచ్చి అత్తగారి చేతిలో పెడితే, ఆవిడ కొడుకు ఖాతాలో వేయించేది.

"ఖాతాలో ఏమీ లేదే," అన్నాడతను తల వంచుకుని. "తమ్ముడికిచ్చాను. వాడూ అదే వార్డుకి నిలబడుతున్నాడు. బండ్లు, బ్యానర్లు... ఖర్చుంటుంది కదా!"

"నా మీద పోటీకి నా డబ్బేనా అండీ!"

"నీ డబ్బేమిటి? ఇంటి డబ్బు!"

మిషనమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అంతలో గుమ్మంలోంచి అత్తగారు కస్సుమంది.

"నోర్ముయ్యరా! ఏ వారం ఎంత తెచ్చిందో నన్నడుగు, నీకేం తెలుసు! దానికి వేరే ఖాతా దేనికన్నది నేనే... ఆ పాపం నాదే! వెళ్ళు, వాడి దగ్గర్నుంచి పట్టుకురా!"

అతను పరుగెత్తాడు. తమ్ముడు ఇవ్వనంటే బతిమాలాడు, అరిచాడు, చివరికి తెచ్చాడు. చెమటలు కక్కుతూ మొగుడూ పెళ్ళాం ఆఫీసు మెట్లెక్కేసరికి మూడు దాటి ఎనిమిది నిమిషాలు!

"గడియారాన్ని నేను వెనక్కి తిప్పలేనమ్మా," అన్నాడు గుమాస్తా, పాపం అతనూ నొచ్చుకుంటూనే.

భర్త ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. "నన్ను తిట్టవే... నాలుగు తిట్టు! నీ కష్టం నా కంటికి ఒక్కనాడూ ఆనలేదు..."

"తిడితే తలుపు తెరుస్తారా అండీ? లేవండి. అయిదేళ్ళు ఆగుతాను," అంది మిషనమ్మ, అతని భుజం పట్టుకుని లేపుతూ.

ఆ ఎన్నికల్లో మరిదే గెలిచాడు. కానీ మిషనమ్మ ఓడిపోయిందని మాత్రం ఎవరితోనూ అనకు తల్లీ... ఆమెను అసలు బరిలోకే రానివ్వలేదు! ఈ మాట గుర్తుంచుకుని నీ కూతురికి చెప్పు. దాని కూతురికీ చెప్పమను.