కొలిమిలో మరచిపోయిన ఫిల్మ్

"మీ ఫిల్మ్‌కి పొగరెక్కువండీ," అంది ఆమె మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండా.

"మీ మైక్రోస్కోప్‌కి చత్వారం వచ్చిందేమో, చూపించండి," అన్నాడు అతను.

లాబ్‌లో అతన్ని అందరూ కొలిమి అంటారు, ఆమెను భూతద్దం అంటారు. లోహాల మిశ్రమాన్ని గాజుబిళ్ళ మీద పల్చటి పొరగా, అంటే ఫిల్మ్‌గా పరిచి, కొలిమిలో పావుగంట కాల్చడం అతని పని. ఆ పొరలో రేణువులు ఎలా సర్దుకున్నాయో చూడడం ఆమె పని. రేణువులు సన్నగా ఉంటే ఆ ఫిల్మ్ బుద్ధిగా ఉంటుంది, అయస్కాంతం ఎటు లాగితే అటు తిరుగుతుంది. అవి బలిశాయా, ఇక మొండికేస్తుంది.

అతని ఫిల్ముల్లో సగం మొండిఘటాలే. సాయంత్రంలోగా కారణం చెప్పకపోతే కొలిమిని ఇంకొకరికి ఇచ్చేస్తానని లాబ్ హెడ్ మేడమ్ తేల్చేసింది. కొలిమి పోతే అతని పీహెచ్‌డీ కూడా గోవిందా! ఆ మేడమ్ భూతద్దానికి స్వయానా మేనత్త.

"ఎంతసేపు కాల్చారు?"

"పావుగంటే."

"అమ్మతోడు?"

"సైన్సులోకి అమ్మనెందుకు లాగుతారండీ!"

"ఇటొచ్చి చూడండి. ఒక్కో రేణువూ ఎలా బొద్దుగా తయారైందో! గంటకి తక్కువ కాల్చి ఉండరు. మిగతా ఫిల్ములు లక్షణంగా ఉన్నాయి. మరి వీటికేం మాయరోగం?"

రోగమేమిటో అతనికి తెలుసు. చెప్పడానికే నోరు రావడం లేదు పాపం.

సాయంత్రం మేడమ్ ఆ గదిలోకే వచ్చేసింది.

"కారణం?"

"టైం చూసుకోలేదు మేడమ్."

"రోజూనా?"

"రోజూ కాదండీ. ఈవిడ వచ్చిన రోజుల్లో."

"నేనేం చేశాను?" భూతద్దం ఎగిరిపడింది.

"పట్టకారు కావాలని వస్తారు. కబుర్లు మొదలెడతారు. మధ్యలో నవ్వుతారు. ఇంక నాకు కొలిమి అలారం వినపడి చావదు!" అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీరంటే నాకు చచ్చేంత ఇష్టమండీ. కొలిమి తీసేసుకోండి మేడమ్. ఇంకో కారణం కల్పించి చెప్పడం నా వల్ల కాదు."

మేడమ్ మేనకోడలి వైపు తిరిగింది. "నీ దగ్గర పట్టకార్లు లేవా?"

"అంటే... మంచిది ఒక్కటీ..."

మేడమ్ డ్రాయర్ లాగింది. నిండా పట్టకార్లే. కొన్నిటికి కవరు కూడా విప్పలేదు.

"ఇవేమిటే?"

"అత్తా, ప్లీజ్!" భూతద్దం రెండు చేతులతో మొహం కప్పుకుంది. అతనికి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"కొలిమి నువ్వే ఉంచుకో బాబూ. దానంతటదే ఆరిపోయే స్విచ్ పెట్టిస్తాను. మా అన్నయ్యతో నేను మాట్లాడతాను. ఇంకొక్క ఫిల్మ్ మాడిందో, ఇద్దరి తాటా తీస్తాను!"

కొత్త స్విచ్ బిగించిన రోజు భూతద్దం మళ్ళీ పట్టకారు కోసం వచ్చింది. పావుగంటకి కొలిమి ఆరిపోయింది. ఫిల్మ్ అద్భుతంగా వచ్చింది. సాయంత్రం మేడమ్ వచ్చి తలుపు కొట్టేదాకా ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.