కడియానికి తెలియని మర్యాద

పార్వతీపురం విత్తన పరీక్షాశాలలో వేరుశనగ మొలకలు లెక్కపెడుతున్న హైమవతికి, మలేషియాలో ఉన్న కూతురు కొబ్బరినీళ్లు కొనుక్కున్న సంగతి ఎదుటి గోడతెర మీద కనిపించింది. ఆమె లెక్క ఆపనైనా లేదు. పదమూడేళ్ల పిల్లలు బడివాళ్లతో పరదేశం వెళ్లిరావడం ఇప్పుడు పక్క మండలానికి వెళ్లి వచ్చినంత మామూలు. మణికట్టుకు ఖర్చుకడియం ఉంటే చాలు. ఏ దేశపు డబ్బైనా అదే మార్చుకుంటుంది, పైసా రుసుము తీసుకోదు, పిల్లకు తగని వస్తువైతే కొననివ్వదు. తల్లులకిక బెంగెందుకు?

బెంగ సరిగ్గా పదింటికి వచ్చింది. గోడతెర ఎర్రబడింది.

"అపరిచితురాలు మీ అమ్మాయికి కాగితపు సొమ్ము ఇస్తోంది. ఈమె మీకు తెలుసా? గడువు తొంభై సెకన్లు."

నోట్లు చూపించి పిల్లలను మచ్చిక చేసుకునేవాళ్లు ఉంటారని కడియం తయారుచేసినవాళ్లు పెట్టిన ఏర్పాటిది. తల్లి తెలియదంటే ఆ మనిషి ముప్పు జాబితాకెక్కుతుంది. ఆపైన ఏ కడియమూ ఆమె దగ్గర పైసా ఖర్చుపెట్టనివ్వదు.

తెర మీద ఈపో పట్టణంలోని భోజనాల కొట్టు. తెలుగు బడుల పిల్లలందరినీ అక్కడికే తీసుకొస్తారు, ఆ కొట్టు నడిచేదే వాళ్లతో. గరిటె పట్టుకున్న నెరసిన జుట్టు మనిషి, హైమ కూతురు మేదినిని ఆరా తీస్తోంది.

"పార్వతీపురమా! ఎవులమ్మాయివే నువ్వు?"

"హైమవతిగారి అమ్మాయినండి. విత్తనాల ఆఫీసులో చేస్తారు."

"ఓలమ్మా!" ఆ మనిషి గరిటె కింద పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఒక నోటు నాలుగు మడతలు పెట్టి మేదిని గుప్పిట్లో కుక్కింది.

"వద్దు ఆంటీ."

"ఆంటీ ఏటే? పెద్దమ్మని!"

హైమ చేతిలోని మొలకల పళ్లెం బల్ల మీద పడింది. ఆ మనిషి ఆమె తోడబుట్టిన అప్ప నీరజ. పదకొండేళ్ల కిందట తండ్రి పోయినప్పుడు విమానం టికెట్టు దొరక్క నీరజ రాలేకపోయింది. ఇక ఈ గుమ్మం తొక్కొద్దని ఫోనులో అరిచింది హైమే. అన్నందుకు ఆ వారమే సిగ్గుపడింది. మళ్లీ ఫోను చేద్దాం చేద్దామనుకుంటూ ఏడాది గడిపేసరికి అప్ప నంబరు మారిపోయింది.

"నలభై సెకన్లు," అంది తెర.

"తెలుసు! మా అప్ప!"

"బంధుత్వం నమోదైంది. సొమ్ము తీసుకోవడానికి మీ సమ్మతిని మాటలో చెప్పండి. అక్కడివారికి వినిపిస్తుంది."

పొరపాటు ఇక్కడే జరిగింది. ఎవరైనా పెద్దవాళ్లు చేతిలో డబ్బు పెడితే ముందు ఏమనాలో, బుద్ధెరిగిన దగ్గర్నుంచి అంటున్నదే హైమ నోటికి వచ్చేసింది. ఏడుస్తూ అంది.

"ఎందుకప్పా ఇవన్నీ... వద్దప్పా!"

కడియం విన్నది విన్నట్టు రాసుకుంది. తల్లి ఎరిగి ఉండీ వద్దన్న మనిషి, ఎరగని మనిషి కంటే ప్రమాదమని దాని లెక్క. పిల్లలందరి చేతులకూ ఎర్రదీపాలు వెలిగాయి. సగం తిన్న పులిహోర వదిలేయించి, వెంట వచ్చిన మాస్టారు వాళ్లను గబగబా బయటికి నడిపించారు.

"అయ్యో, అలా కాదు! తీసుకోమనే!" హైమ గోడను బాదింది. గడువు దాటిపోయింది.

మేదిని కడియం ద్వారా నీరజ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. గుమ్మం దాకా వెంటబడినట్టుంది. ఆమె నవ్వుతోంది, ముక్కు చీదుకుంటోంది.

"ఏడవకే హైమా! వద్దంతావేటి? అయితే నువ్వే వచ్చి తిరిగిచ్చెయ్!"

తెర నిబంధన చదివింది. ముప్పు జాబితా నుంచి పేరు తీయాలంటే, సంరక్షకురాలు స్వయంగా వెళ్లి ఆ మనిషి పక్కన నిలబడి వేలిముద్ర వేయాలి. అంతవరకూ ఆ కొట్టులో పిల్లల బేరం బంద్.

హైమ కళ్లు తుడుచుకుని అధికారి గదిలోకి వెళ్లింది.

"ఎన్నాళ్లు కావాలమ్మా సెలవు?"

"వేలిముద్రకైతే ఒక్క పూట చాలండి," అంది హైమ. "పది రోజులు ఇప్పించండి."