ఆయుధపూజ నాడు వచ్చిన రెండో మెసేజ్

మేడ్చల్ బస్ డిపో ఎదుట జిరాక్స్ షాపు. షట్టర్ సగమే ఎత్తి ఉంది.

"కాగితం రెండు పక్కలా వస్తదా సారూ?" అని అడిగింది దుర్గాబాయి.

"ఒక పక్కే వస్తది. రెండో పక్క మీరే రాసుకోవాలె," అన్నాడు లోపలి మనిషి తలెత్తకుండా.

కోడ్ సరిపోయింది. ఆమె షట్టర్ కింద వంగి లోపలికి వెళ్ళింది.

అతను వెంకటరామయ్య. లోకానికి జిరాక్స్ షాపు ఓనరు. లోపల మాత్రం, పేరు బయటికి చెప్పని ఒక గూఢచారి విభాగానికి చీఫ్. దుర్గాబాయి అతని ఏజెంట్ నంబర్ 31. ఆమె ఆయుధం ఆమె ముఖమే. చీపురు పట్టుకుంటే ఊడ్చే మనిషి, గంప నెత్తికెత్తుకుంటే కూరగాయల మనిషి. ఎవరూ రెండోసారి తిరిగి చూడరు.

బ్రీఫింగ్ ఎప్పటిలాగే పొడిగా సాగింది. తుర్కపల్లిలో సప్తపర్ణి బయోటెక్. పిల్లల మెదడువాపు జ్వరానికి కొత్త టీకా. ఫార్ములా మొత్తం కంప్యూటర్లలోనే ఉంది. ఆ 2012లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియదు. అందుకని కంపెనీ డిజాస్టర్ రికవరీ సాఫ్ట్‌వేర్ కొంటోంది. తుర్కపల్లి సర్వర్లు ఆగిన నిమిషాల్లో, మేడ్చల్ అద్దె బిల్డింగులో ఉన్న కాపీలు లేచి పని అందుకోవాలి. ఐదు సాఫ్ట్‌వేర్లు పోటీకి వస్తే రెండు మిగిలాయి. అందులో ఒకటైన మిర్రర్‌గేట్ వెనక విదేశీ ముఠా ఉందని అనుమానం.

"అంటే, దొంగే వచ్చి తాళం అమ్ముతున్నడా సారూ?"

"రుజువు లేదు. మన ఏజెంట్ హర్షిత రెండేండ్లుగ ఆ ముఠాల ఉన్నది. మిర్రర్‌గేట్ కన్సల్టెంట్‌గ అక్కడికొస్తది. నువ్వు చాయ్ ఇయ్యి, ఆమె రిపోర్ట్ తీస్కరా. అంతే."

చీఫ్ ఒక స్టీలు ఫ్లాస్కు ముందుకు తోశాడు. మూతలో కెమెరా, అడుగున మైకు.

దుర్గాబాయి కదల్లేదు. "ముఠా దొరికితే నర్సయ్య ఫైలు దిద్దుతరా?"

"ముందు దొరకనీ."

ఆమె జాకెట్టులో మడతలు పడి చిరిగిపోతున్న ఒక ఉత్తరం ఉంది. ఆమె భర్త బాలనర్సయ్య కూడా ఏజెంటే. నాలుగేళ్ళ కిందట ఇంకో ల్యాబులో గార్డు వేషంలో ఉన్నప్పుడు అక్కడి ఫార్ములా బయటికి పోయింది. ద్రోహి నువ్వేనని విభాగం ఈ ఉత్తరం చేతిలో పెట్టి పంపేసింది. ఎనిమిది నెలలు ఎవరితోనూ మాట్లాడక, మనాదితో పోయాడు. ద్రోహి అనే ఆ మాట కొట్టేయించడానికే ఆమె ఈ ఉద్యోగంలో ఉంది. దేశభక్తి ఆ తరవాతే.

సప్తపర్ణిలో ఆమె చదువురాని ఆయా. హాజరు పుస్తకంలో రోజూ వేలిముద్ర వేసేది. అందుకే ఆమె ఎదుట ఎవరూ కాగితాలు దాచేవాళ్ళు కాదు.

సాఫ్ట్‌వేర్ ఎంపిక ఐటీ మేనేజర్ కృష్ణారావు చేతిలో ఉంది. కాకినాడ వైపు మనిషి, శామీర్‌పేట కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. చాయ్ తాగుతూ ఆమెకు పాఠం చెప్పేవాడు: "ఈ పెట్టొకటే ఆయమ్మా. కానీ లోపల పది కంప్యూటర్లున్నట్టు నటిస్తుంది. దాన్నే వర్చువల్ అంటారు." దుర్గాబాయి నోరు తెరిచి విన్నది. పది వేషాలు వేసే ఒక్క ఒళ్ళు ఎంత అలిసిపోతుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

అతను గోడకు పెద్ద చార్టు అంటించాడు. ఆగిన సర్వరు ఎన్ని నిమిషాల్లో లేస్తుంది, ఎంత డేటా పోతుంది, ఎంత డిస్కౌంట్ ఇస్తారు. మూడింటిలోనూ మిర్రర్‌గేట్‌దే మొదటి ర్యాంకు. కాపీ మేడ్చల్‌కు కాక ఇంకెక్కడికైనా పోతుందా అన్న గడి ఆ చార్టులో లేదు.

హర్షిత రోజూ పదింటికి వచ్చేది. నీలం పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఆమె నడిచిపోయాక వరండాలో నిలిచే పరిమళం. ట్రయల్ కోసం చిన్న సిస్టం ఒక్కటే మిర్రర్‌గేట్ కిందికి తెచ్చారు. అది డ్రైవర్లకు మెసేజ్‌లు పంపే క్యాబ్ సిస్టం. మూడు వారాలకు కప్పు కింద మడిచిన కాగితం వచ్చింది. "మిర్రర్‌గేట్ క్లీన్. కొనవచ్చు." చీఫ్ సంతోషించాడు. ఆయుధపూజ నాడు పూజ కాగానే ఫార్ములా కూడా దాని కిందికి తేవాలని కంపెనీ నిశ్చయించింది.

పూజ రోజు వచ్చింది. నడుస్తున్న యంత్రానికి బొట్టు పెట్టకూడదని కృష్ణారావు పట్టుదల. పదీ నలభై ఐదుకు తుర్కపల్లి సర్వర్లన్నీ ఆపించి, తుడిపించి, పసుపు పూసి, బంతిపూల దండలు వేయించాడు. క్యాబ్ సిస్టం ట్రయల్లో ఉందని, సర్వరు ఆగితే అది పూజ అనుకోదని, విపత్తు అనుకుంటుందని ఆయనకు తట్టలేదు. ముఠాకూ తట్టలేదు. పసుపు కుంకుమల కోసం సర్వర్లు ఆపే దేశం గురించి వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

కొబ్బరికాయలు తేవడానికి గేటు దగ్గరికి వెళ్ళిన దుర్గాబాయిని క్యాబ్ డ్రైవర్ జమాలుద్దీన్ పిలిచాడు. లాల్‌గడి మలక్‌పేట్ మనిషి, నవ్వకుండా నవ్వించే రకం.

"ఏంది దుర్గమ్మా, గీ కంప్యూటర్ పాగల్ అయిందా? హర్షిత మేడంను ఎక్కించుకొమ్మని ఇప్పుడే రెండు మెసేజ్‌లు పంపింది. ఒకటి పదీ యాభైకి పంపినట్టున్నది. ఇంకొకటి ఏడూ ఇరవైకి పంపినట్టున్నది. ఏడింటికి నేను మా బర్రెకు గడ్డేస్తున్న. అప్పుడు ఫోన్ గుయ్యిమనలే."

దుర్గాబాయి ఫోను చేతిలోకి తీసుకుంది. అవే అక్షరాలు, అదే బండి నంబరు. తుర్కపల్లి ఆగింది కాబట్టి మేడ్చల్ కాపీ లేచి ఒక మెసేజ్ పంపింది. అది న్యాయం. మరి రెండోది? మన గడియారానికి మూడున్నర గంటలు వెనక నడిచే ఏదో దేశంలో ఇంకో కాపీ లేచింది. ఎవరూ కొనని, ఎవరూ అడగని మూడో ఇల్లు.

"జమాల్ భాయ్, ఆ మేడం బండెక్కితే నేను చెప్పేదాక దింపకు."

ఫ్లాస్కు నోటి దగ్గర పెట్టుకొని చీఫ్‌కు చెప్పింది. చీఫ్ జవాబు ఆమె చెవికమ్మలో దాచిన స్పీకరులో పలికింది: "హర్షిత క్లీన్ అని రాసింది. ముందు ఆమెనడుగు."

హర్షిత వరండాలోనే ఉంది. ఓపిగ్గా విన్నది. నవ్వి ఫ్లాస్కు అందుకుని, అడుగు మర తిప్పి, మైకు బ్యాటరీ తీసి తన పర్సులో వేసుకుంది.

"నెట్‌వర్క్ ఆలస్యం ఆయమ్మా. ప్రతిదీ పట్టించుకోకండి. బాలనర్సయ్య కూడా ఇలాగే ప్రతిదీ లెక్కపెట్టేవాడు. ఏం మిగిలింది?"

ఆయాగా చేరిన దుర్గాబాయి భర్త పేరు ఈ బిల్డింగులో ఎవరికీ చెప్పలేదు. అతను ప్రతిదీ లెక్కపెట్టేవాడని తెలియాలంటే, ఆ లెక్కలు చూసిన మనిషే అయి ఉండాలి.

నర్సయ్య అప్పుడు కనిపెట్టినది ఎవరి ముందు పెట్టాడో, అతని మీద రిపోర్ట్ రాసిందెవరో ఆ క్షణంలో తెలిసిపోయింది. నాలుగేళ్ళు వెతికిన మనిషికి మూడు వారాలు తానే చక్కెర వేసి చాయ్ ఇచ్చింది.

సర్వర్ రూములో గంట మోగింది. కృష్ణారావు హారతి ఇచ్చి స్విచ్ వేశాడు. తెర మీద ఫార్ములా కాపీ పచ్చగీతగా పాకడం మొదలైంది. ఇరవై శాతం. నలభై.

దుర్గాబాయి లోపలికి పోయి ఆపమని చెప్పింది. కాపీ దేశం దాటుతోందని చెప్పింది.

"ఆయమ్మా, ఇది డిజాస్టర్ రికవరీ. డికాక్షన్ కాదు," అన్నాడు కృష్ణారావు. అందరూ నవ్వారు. హర్షిత వచ్చి ద్వారానికి అడ్డంగా నిలబడింది. డెబ్భై. ఎనభై ఐదు.

గోడకు గాజు మూత వెనక, గది కరెంటంతా ఆపేసే ఎర్ర బటన్ ఉంది. దాని కింద ఇంగ్లీషులో, తెలుగులో రాసి ఉంది: ప్రమాద సమయంలో గాజు పగలగొట్టి నొక్కండి. చదువురాని ఆయా దాన్ని మూడు వారాలుగా రోజూ తుడుస్తూ చదువుతోంది.

తొంభై ఆరు.

"కొబ్బరికాయ నేను కొడత సారూ," అంది దుర్గాబాయి.

గాజు మీద కొట్టింది. కాయా పగిలింది, గాజూ పగిలింది. తొంభై తొమ్మిది దగ్గర ఆమె అరచేయి, రక్తంతో, కొబ్బరినీళ్ళతో, ఎర్ర బటన్‌ను లోపలికి నొక్కేసింది. గది చీకటైంది. ఒక్క శాతం తక్కువైన కాపీ ఎక్కడున్నా తెరుచుకోదు. అదీ కృష్ణారావు చాయ్ తాగుతూ చెప్పిన పాఠమే.

హర్షిత గేటుకు పరిగెత్తి బండెక్కింది. జమాలుద్దీన్ అద్దంలో చూసి తాపీగా అన్నాడు: "కూసోండి మేడం. ఈ బండికి చైల్డ్ లాక్ ఉన్నది. మీ కోసం రెండు మెసేజ్‌లొచ్చినయ్, డబుల్ మర్యాద జేయాలె."

వారం తరవాత మేడ్చల్ జిరాక్స్ షాపు. దుర్గాబాయి చేతికి కట్టు. హర్షిత అంతా ఒప్పుకుందని, నర్సయ్య నిర్దోషి అని చీఫ్ చెప్పాడు. ఆమె ఉత్తరం తీసి బల్ల మీద పరిచింది.

"ఇగ ఫైలు దిద్దండి సారూ."

వెంకటరామయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తుడుస్తూనే అసలు సంగతి చెప్పాడు. మొన్న ఎండాకాలం కరెంటు కొట్టిన దెబ్బకు విభాగం సర్వరు కాలిపోయింది. పాత ఫైళ్ళు మొత్తం పోయాయి. రెండో కాపీ లేదు. మూడేళ్ళుగా రికవరీ సాఫ్ట్‌వేర్ ఎంపిక చేస్తున్నారు. కమిటీ ఇంకా కూర్చోలేదు.

"ఫైలే లేదంటే మచ్చ కూడ లేనట్టే గద, దుర్గమ్మా."

"మచ్చ పోయింది, సరే. మనిషేడి సారూ?"

బాలనర్సయ్య అనేవాడు విభాగంలో పనిచేశాడనడానికి ఈ రాష్ట్రంలో మిగిలిన ఆధారం ఆ ఒక్క ఉత్తరమే. దాచుకుంటే ద్రోహి. చింపేస్తే, అసలు పుట్టనే లేదు.

దుర్గాబాయి చీఫ్ జేబులోంచి పెన్ను తీసుకుంది. ఉత్తరం తిరగేసి, కట్టుకట్టిన చేత్తో ఒక్కొక్క అక్షరం దిద్దుతూ రాసింది: "ఇది అబద్ధం. బాలనర్సయ్య దొంగను ముందే పట్టిండు. ఈ విభాగం దొంగ మాటే నమ్మింది." కింద వేలిముద్ర వేయలేదు, సంతకం చేసింది.

"రెండు పక్కలా తియ్యండి సారూ, రెండు కాపీలు. ఒకటి మీ దగ్గరుంచుకోండి. ఏడ పెట్టిండ్రో ఈసారన్న యాదుంచుకోండి."