హరికిషన్ గీసిన పెట్టె

"మా అన్నకు దిమాగ్ పని చేస్తలేదని రాసింది నువ్వేనా మేడమ్?"

సికింద్రాబాద్‌లో ఓ ఆస్పత్రి మేడమీద గది అది. తలుపు తోసుకొచ్చిన హరికిషన్ భుజాల మీద వాన ఇంకా ఆరలేదు. బల్ల వెనక దేవిక తలెత్తింది. తలకు దెబ్బ తగిలినవాళ్ల జ్ఞాపకశక్తినీ ఆలోచననూ పరీక్షించడం ఆమె పని. పరిశోధన కూడా దానిమీదే.

"ముందు కూర్చోండి. ఏటండీ ఆ కోపం?"

"కూసోను. మా అన్న రాజేందర్ బోయిన్‌పల్లి మార్కెట్ల టమాట వేలంపాట నడిపిస్తడు. లారీ మీదికెళ్లి పడి ఆర్నెల్లాయె. దిమాగ్ మంచిగున్నదని కాయితం తెస్తేనే మళ్ల పాటకు నిలబెడ్తా అంటున్నడు సేటు. నువ్వేమో ఫెయిల్ చేసినవ్!"

"ఈ పెట్టె బొమ్మ చూసి గీయమన్నాను. గీయలేకపోయారు."

"పెన్సిల్ పట్టి ముప్పై ఏండ్లాయె ఆయన. ఏదీ, నాకియ్యి. ఏడు దాకా చదివిన. నా తలకాయకు ఏ దెబ్బా తగల్లే."

గీశాడు. పెట్టె రాలేదు. గాలికి తిరగబడ్డ గొడుగులాంటిదేదో వచ్చింది.

దేవిక పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. మార్కులు వేసింది. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"మీకూ మీ అన్నయ్యకూ అవే మార్కులు."

"అంటే నాకు సుత ఖరాబైందా?"

"కాదండీ. తప్పు మీ అన్నయ్యది కాదు, పరీక్షది. ఇది బాగా చదువుకున్నవాళ్ల కోసం తయారైంది."

బడి మానేసినవాడి ముందు 'తప్పు పరీక్షది' అన్న పెద్ద చదువుల మనిషిని హరికిషన్ అప్పటిదాకా చూడలేదు. చాలామంది చూడకుండానే పోతారు.

"చిన్నప్పుడే బడి మానేసి, తలకు దెబ్బ తగలనివాళ్లు నూట యాభై మంది కావాలి నాకు," అంది దేవిక. "అప్పుడు మీ అన్నయ్యని వాళ్లతో పోల్చొచ్చు."

"నూట యాభయ్యేనా? తెస్త."

తెచ్చాడు. మార్కెట్ హమాలీలు, ఆటోవాళ్లు, మౌలాలి మేస్త్రీలు. దేవిక కొత్త ప్రశ్నలు చేర్చింది: ఏ రైతు టమాట డబ్బాను వేలంలో ఎవరు పాడారు? ఎంతకు? ఒకసారి విని, అరగంటయ్యాక అప్పజెప్పాలి.

రాజేందర్ ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. నూట ముప్పై మందిని దాటేశాడు. కాగితం చేతికొచ్చింది.

ఆ నూట యాభైలో హరికిషన్ కూడా ఒకడు. మూడు నెలల తరవాత అందరితోపాటు అతనికీ రెండోసారి పరీక్ష. పెన్సిల్ అందుకుని చకచకా గీశాడు. స్కేలు పెట్టినట్టు నిలబడింది పెట్టె.

దేవిక కళ్లు పెద్దవయ్యాయి. "ఎవరు నేర్పారు?"

"రోజూ టమాట డబ్బాల మీద సుద్దతోని గీసిన. నువ్వు మెచ్చుకుంటవని."

"మొత్తం పాడుచేశారు! ప్రాక్టీస్ చేస్తే లెక్కలోకి రాదు. మిమ్మల్ని స్టడీలోంచి తీసేస్తున్నా."

హరికిషన్ లేచాడు. బడి మాన్పించిన రోజు కూడా ఇలాగే లేచాడు.

"వెళ్లిపోతారేటి? స్టడీలో ఉన్నవాళ్లతో నేను చాయ్ తాగకూడదు, రూలు," అంది ఫైలు మూస్తూ. "ఇప్పుడు తాగొచ్చు."

"అయితే మా మార్కెట్‌కే రావాలె. అన్న పాట వినాలె."

మర్నాడు పొద్దున్నే సన్నటి తుంపర. చాయ్ గ్లాసులతో ఇద్దరూ నిలబడ్డారు. ఎక్కడ చూసినా సుద్ద పెట్టెలున్న డబ్బాలే. మధ్యలో రాజేందర్ గొంతు ఖంగున మోగుతోంది. ఆ గొంతు వింటుంటే దేవికకు, తన చదువుకు ఇవ్వాళే పట్టా వచ్చినట్టనిపించింది.

పాట మధ్యలో రాజేందర్ ఇటు తిరిగాడు.

"అరే హరీ! మూడు నెలల సంది డబ్బాలన్నీ ఖరాబ్ చేసినవ్. మేడమ్‌కు దిల్‌ల మాట చెప్తవా, లేదా? ఒకటోసారి!"

హమాలీలు ఈల వేశారు.

"రెండోసారి!"

హరికిషన్ చాయ్ గ్లాసు ఓ డబ్బా మీద పెట్టాడు. "మేడమ్... నేను ఏడు దాకనే చదివిన."

"తెలుసు. మీ ఫైలు రాసిందే నేను."

"అయినా..."

"అయినా."

రాజేందర్ మూడోసారికి చెయ్యెత్తాడు.

"ఆగండి బావగారూ," అంది దేవిక. "చెప్పేశారు."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నూట ముప్పై మందిని దాటిన రాజేందర్, ముందున్న డబ్బా పాట ఎంత ధర దగ్గర ఆగిందో మరిచిపోయాడు.

ఈసారి దిమాగ్ మంచిగున్నదన్న కాయితం ఎవరూ అడగలేదు.