కంచె లోపలి గవ్వపూలు

ఎడమ వరుస తుడవడం ముగించి కాంచన నడుం నిటారు చేసింది. ప్రతిపూల ప్లాస్టిక్ రేకుల మీద దుమ్ము పడితే, ఆకాశం నుంచి కంచె లోపలి పూలు లెక్కపెట్టే మింటికన్ను వాటిని గుర్తించదు. గుర్తించకపోతే లెక్క తగ్గుతుంది. లెక్క తగ్గితే పైవాళ్లకు నిద్ర పట్టదు. అందుకే జీవస్థితి మండలి వృక్షశాస్త్రం చదివిన మనిషి చేతికి తడిగుడ్డ ఇచ్చి ఎర్రదిన్నె మైదానానికి పంపింది. ఆమె హోదా క్షేత్ర పరిరక్షకురాలు. చేసేది అంట్లు తోమడం లాంటి పనే. కాకపోతే అంట్లు తోమితే అన్నం తినడానికైనా పనికొస్తాయి.

ఒకప్పుడు ఇక్కడ నిజం గవ్వపూలే పూసేవి. వేలెడంత మొక్క, వెలిసిపోయిన నీలం పువ్వు, తొలకరి తరవాత కొన్నాళ్లు. మండలి దాన్ని కాపాడదలుచుకుంది. కాపాడటమంటే మండలికి తెలిసింది కంచె వేయడమే. గొర్రెలను తరిమేశారు. మేసే నోరు లేక గడ్డి నడుమెత్తు పెరిగింది. ఆ గడ్డి కింద వేలెడంత మొక్క ఎండ మొహం చూడక చచ్చింది. తప్పయిందని ఒప్పుకునే అలవాటు మండలికి లేదు గనక, పొడవాటి కాడలున్న ప్లాస్టిక్ పూలు నాటించి వాటికి ‘తాత్కాలిక ప్రతినిధులు’ అని పేరు పెట్టారు, వాడుకలో ప్రతిపూలు. అవి ఏడాది పొడుగునా విచ్చుకునే ఉంటాయి. నాటి నుంచి గేటు పలక మీద గవ్వపువ్వు స్థితి ‘సుస్థిరం’. అందుకు సన్మానాలు కూడా చేయించుకున్నారు. సిగ్గు అనే జాతి ఆ మండలిలో ఎప్పుడో అంతరించింది.

చెవిపలుకులో ఉపపాలకుడు శేషఫణి గొంతు పలికింది. ఆయన ఎర్రదిన్నెకు ఇంతవరకు కాలు పెట్టలేదు.

“కాంచనా, పడమటి బీడుకి సూర్యపలకల బళ్లు బయల్దేరాయి. సాయంత్రానికి బీడంతా పరిచేస్తారు. అక్కడెవరో గొర్రెలు మేపుతున్నారట, వెళ్లగొట్టు.”

“అది మేత బీడు కదా సార్?”

“నిరుపయోగ భూమి. పటంలో అలాగే ఉంది.”

కాంచన కంచె గేటు దాటి బీడులోకి వెళ్లింది. మందను నిలుపుకుని ఉన్న గొర్రెల కాపరి తిమ్మక్క ఆమెను చూడగానే కర్ర నేలకు తాటించింది.

“మళ్లీ తరమను వచ్చినావా మేడం? ఈ జీవాలను యాడికి తోలుకపోవల్ల, ఆకాశంలోకా?”

కాంచన నేలను చూస్తోంది. గొర్రెలు కురచగా కొరికేసిన గడ్డిలో, గిట్టల అచ్చుల మధ్య, వెలిసిపోయిన నీలం. ఒకటి కాదు, బీడు పొడవునా ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని ఒక రేకును ముట్టుకుంది. ఇన్నాళ్లూ ప్లాస్టిక్ తుడిచిన వేలికి తడి తగిలింది. పట్టరాని సంతోషం కలిగింది, దాని వెనకే ఒళ్లు మండింది.

“ఇవి ఎప్పట్నుంచి పూస్తున్నాయి తిమ్మక్కా?”

“ఏమోమ్మా. నేను పూలు చూసుకుంటా కూచుంటే గొర్రెలను ఎవరు చూసుకోవల్ల?”

కాంచన మొక్కను చెవిపలుకుకు ఉన్న కెమెరా కంటికి చూపించింది. శేషఫణి కొంచెంసేపు పరిశీలించాడు.

“నకిలీ అయ్యుంటుంది. రంగు మన నమూనాతో కలవడం లేదు.”

“మన నమూనా ప్లాస్టిక్ కదా సార్.”

“ప్రామాణికమైన ప్లాస్టిక్.”

“పలకలు ఇవాళ పరిస్తే ఇవన్నీ పోతాయి. ఆపించండి సార్.”

“సుస్థిరమైన జాతికి అదనపు భూమి ఇవ్వరు. లుప్తమైతే మాట వేరు. పడమటి బీడుతో సహా మైదానమంతా మనుషులు దిగి వెతికేదాకా ఎక్కడా పలుగు పడకూడదు. మనకా ఖర్మ లేదు, లెక్క నిండుగా ఉంది. ఇంకాసేపట్లో మింటికన్ను వస్తోంది. కుడి వరుస తుడిచావా?”

“లేదు సార్. ఆ పని మీదే వెళ్తున్నాను.”

చెవిపలుకు తీసి జేబులో వేసుకుంది. ఉద్యోగం పోతుంది. మండలి ఇచ్చిన ఇల్లూ పోతుంది. మళ్లీ ఇంకెవరూ పిలిచి పని ఇవ్వరు. భయం వేసింది. రోడ్డు మీద బళ్ల దుమ్ము కనిపిస్తోంది. కాంచన వెళ్లి కంచె గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

“తిమ్మక్కా, మందను లోపలికి తోలు.”

“కేసు పెడతారు మేడం.”

“పెడితే నా మీద పెడతారు. తోలు.”

తిమ్మక్క ఆమె మొహం ఒకసారి చూసి, నాలుకతో టకటకమని అదిలించింది. ఏళ్ల తరబడి ఎవరూ మేయని గడ్డి మీద మంద విరుచుకుపడింది. ప్రతిపూల కాడలు గిట్టల కింద పటపటా విరిగాయి. ఒక గొర్రె ఒకదాన్ని కొరికి చూసి ఉమ్మేసింది. ఆ మాత్రం వృక్షశాస్త్రం మండలిలో ఎవరికీ రాదు. గొర్రెలు మింగకుండా విరిగిన ముక్కలన్నీ కాంచన ఏరి గోతంలో కుక్కింది, నిలబడి ఉన్నవాటిని తన చేత్తోనే పీకింది.

మింటికన్ను పైనుంచి సాగిపోయింది. గేటు పలక మీద ‘సుస్థిరం’ చెరిగి ‘లుప్తం’ వెలిగింది. రోడ్డు మీద బళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. కాంచన చెవిపలుకు మళ్లీ పెట్టుకుంది.

“ఏం చేశావు?” శేషఫణి గొంతు సన్నబడింది.

“లోపల ఉన్నదే చూపించాను సార్. మీరు రావాలి. మైదానమంతా వెతకాలి కదా.”

గేటు స్తంభం మీది మైకు గరగరమని, ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్న సంతాపం చదవడం మొదలుపెట్టింది. గవ్వపువ్వు అనే జాతి ఇక లేదని తెలియజేయుటకు మండలి తీవ్రంగా చింతిస్తున్నది. అవతల బీడులో వెనకబడిన పొట్టేలు ఒకటి తల ఎత్తి ఆ సంతాపం విని, లేని పువ్వును నింపాదిగా నమలసాగింది.