ముద్ర లేని మూసివేత

ముద్ర పోయింది.

ఉదయం 10:40కి బల్ల మీద ఉంది. 11:20కి లేదు. రషీద్ పట్టణ కిడ్నీ రోగుల సంఘానికి ఆఫీసంటే ఒక్కటే గది. ఆ నలభై నిమిషాల్లో గదిలో ఉన్నది ముగ్గురే.

ఇన్‌స్పెక్టర్ వగ్దీకి చిర్రెత్తుకొచ్చింది. రబ్బరు ముద్ర కోసం పోలీసులా! కానీ ఫిర్యాదు ఇచ్చినవాడు సర్కారు మనిషి. పేరు లమ్లూమ్, స్వచ్ఛంద సంఘాల సూపర్‌వైజర్. ఈ సంఘాన్ని మూసేయడానికే వచ్చాడు. మూసివేత పత్రం మీద సంఘం సొంత ముద్ర పడాలి. అదీ ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటల లోపు. లేకపోతే సమావేశం నోటీసు దగ్గర నుంచి మళ్లీ మొదలు.

"ఎందుకు మూస్తున్నారు?"

"సర్వసభ్య సమావేశానికి కోరం లేదు సార్. రెండుసార్లు."

"ఎలా ఉంటుంది?" అధ్యక్షురాలు షౌకియా కస్సుమంది. రిటైరైన నర్సు ఆవిడ. "నువ్వు పెట్టేది మంగళవారం. మా సభ్యులంతా ఆ రోజు డయాలసిస్ మంచాల మీదుంటారు నాయనా! తేదీ మార్చమని మూడు ఉత్తరాలు రాశాను. జవాబేదీ?"

"పై ఆఫీసుకి పంపాను హజ్జా," అన్నాడు లమ్లూమ్, పెద్దావిడని మర్యాదగా పిలుస్తూ.

"పంపావులే! సంఘం పోతే రోగుల్ని డయాలసిస్‌కి తీసుకెళ్లే వ్యాన్ పోతుంది. రేపు పదకొండు మందిని నీ వీపున మోస్తావా?"

వగ్దీ సొరుగులు లాగాడు. సంచులు దులిపాడు. జేబులు వెతికాడు. వ్యాన్ సీట్ల కింద కూడా చూశాడు. లేదు.

మూడో మనిషి వ్యాన్ డ్రైవర్ బహ్గత్.

"10:40 తర్వాత ఏం చేశావు?"

"టీ పెట్టాను సార్. అమ్మగారు ఎదురింటికెళ్లి పంచదార అడిగి తెచ్చారు."

"అయిపోయిందా?"

"ఏమో సార్. నిన్ననే రెండు కిలోలు డబ్బాలో పోశాను."

1:35. వగ్దీ ముగ్గురినీ బల్ల ముందు కూర్చోబెట్టాడు.

"మీరంతా ముద్ర ఎటు పోయిందని చూశారు. పంచదార ఎటు నుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. నిండు డబ్బా పెట్టుకుని పొరుగింటికి ఎందుకెళ్లాలి?"

డబ్బాలో చెయ్యి పెట్టాడు. అడుగున ముద్ర తగిలింది.

షౌకియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముప్పై ఏళ్లు సూదులు వేసిన చేతులివి. ఈ వయసులో దొంగనయ్యాను. ఎవరికి చెప్పినా వినకపోతే ఇంకేం చెయ్యను?"

లమ్లూమ్ చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వండి సార్. ఇంకా టైముంది."

వగ్దీ ముద్రను కవర్లో వేసి లక్కతో సీల్ చేశాడు.

"ఇది ఎగ్జిబిట్. సంఘం ముద్ర సంఘం డబ్బాలోనే దొరికింది. దొంగతనమో కాదో ప్రాసిక్యూటర్ తేలుస్తాడు. అందాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"రెండు దాటిపోతుంది సార్!"

"ఫిర్యాదు తమరిదే కదా. సమావేశానికి కొత్త నోటీసు రాసుకోండి. కావాలంటే మంగళవారమే పెట్టండి."

షౌకియా దిగ్గున లేచింది. "మళ్లీనా?"

"స్థలం మాత్రం డయాలసిస్ వార్డు అని రాయండి. సభ్యులు నాలుగు గంటలు కదలరు. కోరం ఎక్కడికి పోతుంది?"

లమ్లూమ్ రూల్స్ పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. వార్డులో పెట్టకూడదని ఎక్కడా లేదు.

షౌకియాకి సంతోషం కంటే కోపమే ముందొచ్చింది. "ఈ ముక్క నువ్వు మొదటి ఉత్తరానికే చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? రాయి నాయనా! నా కళ్ల ముందే రాయి."