డ్రూరీ మట్టి

ఆ శుక్రవారం మధ్యాహ్నం లెన్ యుర్కానిన్ వంటింట్లో మట్టి కాలుస్తున్నాడు. రొట్టెలు కాల్చే పళ్లెంలో పల్చగా పరిచి, ఓవెన్‌లో పెట్టి, దాని అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్ల ఇళ్లలో ఇది మామూలే. ఏదైనా ఊరి నమూనా కట్టేటప్పుడు నేలకు రంగుపొడి చల్లితే వాళ్లకు తృప్తి ఉండదు. అసలు ఊరికే వెళ్లి నాలుగు గుప్పిళ్ల మట్టి తెచ్చుకుంటారు, జల్లెడ పడతారు, పురుగూ పుట్రా చావడానికి కాలుస్తారు. వాళ్లను పెళ్లాడిన ఆడవాళ్లు దీనికి అలవాటు పడిపోతారు, లేదా పడినట్టు నటిస్తారు.

లెన్ భార్య రోజాన్ నటించే రకం కాదు.

“ఏంటా కంపు? తడిగోనె తగలబెట్టినట్టుంది,” అంది కోటు తొడుక్కుంటూ. చర్చి హాల్లో రేపటి అమ్మకానికి పిరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కుడుములు, చుట్టడానికి బయల్దేరుతోంది. “ఎక్కడి మట్టి ఈసారి?”

“కొండవతలది.”

“కొండవతల ఎక్కడ?”

లెన్ ఓవెన్ వంక చూస్తూనే చెప్పాడు. “డ్రూరీ.”

ఆమె చెయ్యి గుండీల మీద ఆగింది. “గస్‌కి తెలుసా?”

“వాడికి తెలియాల్సిన పనేముంది?”

“నీకు రివెట్లు లెక్కపెట్టడం తప్ప మనుషుల సంగతి ఎప్పటికి తెలుస్తుంది, లెన్? కిటికీ తెరిచి చావు,” అని ఆమె తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

రివెట్లు లెక్కపెడతాడన్నది బొమ్మ రైళ్ల క్లబ్బులో లెన్‌కి ఉన్న పేరే. బొమ్మ రైలుపెట్టె మీద రేకులు బిగించే రివెట్టు ఒక్కటి తక్కువైనా అతనికి ముద్ద దిగదని వెక్కిరిస్తారు. పెన్సిల్వేనియాలో పాడుబడ్డ బొగ్గు ఊళ్లకు లోటేముంది, ఏదో ఒకటి కట్టుకోవచ్చు. లెన్ మాత్రం డ్రూరీనే పట్టుకున్నాడు. అందులోనూ 1928 మార్చిలో ఒకానొక రోజును పట్టుకున్నాడు. ఆ రోజు గనిలో మంట ఆరడం లేదని కంపెనీవాళ్లు గని ముఖద్వారానికి ఇటుకలు కట్టి మూసేశారు. లోపల పద్నాలుగు మంది ఉన్నారు. అప్పటికే అందరూ పోయారని కంపెనీ చెప్పింది. మూసిన తర్వాత కూడా లోపలినుంచి ఎవరో తట్టడం విన్నామని ఊరి ఆడవాళ్లు చెప్పారు. ఆడవాళ్ల మాట ఎవరు విన్నారు గనక!

ఆ పద్నాలుగు మందిలో ఒకడు గస్ ప్రోకోప్ తండ్రి. గస్ అప్పటికి ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు.

గస్, లెన్ ముప్ఫై ఏళ్లుగా లెన్ ఇంటి సెల్లార్‌లో కలిసి పని చేశారు. ఇళ్లు, కొండలు లెన్‌వి. పట్టాలు, తీగలు, దీపాలు గస్‌వి. డ్రూరీ మొదలుపెట్టినప్పుడు గస్ అడిగింది ఒకటే. “ఒక్కరోజు ముందుది కట్టు, లెన్. గని తెరిచుంటుంది. ఒక్కటే రోజు.”

“ముందురోజు ఫోటోలు లేవురా,” అన్నాడు లెన్. మూసిన రోజు పత్రికవాళ్లు నాలుగు వైపులనుంచీ తీశారు. ఒక్కో ఇటుకా కనబడుతుంది. బొమ్మ ఊళ్లు కట్టేవాడికి అంతకన్నా అదృష్టం ఉంటుందా?

గస్ తన పనిముట్ల పెట్టె తీసుకుని మెట్లెక్కాడు. మళ్లీ దిగలేదు. బొమ్మ ఇళ్ల కిటికీల్లో దీపాలు పెట్టాల్సినవాడు లేక అవి చీకటిగానే ఉండిపోయాయి. రేపు రాష్ట్రంలోని క్లబ్బులవాళ్లంతా చూడటానికి వస్తున్నారు. గస్ లేకుండా ఆ ఊరు పూర్తయిపోవడం లెన్‌కి ముల్లులా గుచ్చుకుంటోంది. అయినా పొరపాటు నాదేరా అని ఫోన్ చేయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు.

మట్టి చల్లారాక అందులో అయస్కాంతం తిప్పాడు. ఇనుపరజను ఉంటే ఇంజన్ల మోటార్లలోకి పోయి పాడుచేస్తుంది. ఎప్పుడూ నల్లటి నలుసులు వస్తాయి. ఈసారి మేకులు వచ్చాయి. పొట్టివి, తలలు అరిగినవి. గనివాళ్ల బూట్ల అడుగున కొట్టే మేకులు.

అసలు గనికి కట్టిన ఇటుకలు ఒకచోట జారి ఉంటే, ఆ సందులోంచి రాలిన మట్టినే అతను సంచిలోకి ఎత్తుకున్నాడు. ఆ సంగతి రోజాన్‌తో చెప్పలేదు. మేకులు సాసరులో పోసి పక్కన పెట్టాడు.

సెల్లార్‌లోకి దిగి, గని ముందు ఆ మట్టి చల్లాడు. పైన జిగురునీళ్లు చిలకరించాడు. ఎలా ఉందో చూడాలని తెల్లదీపాలు ఆర్పి, రాత్రిలా కనిపించడానికి పెట్టుకున్న నీలం బల్బులు వేశాడు. డ్రూరీలో రాత్రయింది. బయట మధ్యాహ్నమే, మంచు కురుస్తోంది.

టక్.

నీళ్ల గొట్టం అనుకున్నాడు. హీటర్ కట్టేసి వచ్చాడు.

టక్... టక్.

తడిగోనె వాసన ఇక్కడికీ వచ్చింది. దానితో పాటు కిరసనాయిలు వాసన కూడా. అతను ఊపిరి బిగబట్టి వంగాడు. చప్పుడు కొండలోంచి వస్తోంది. థర్మోకోలుతో చేసిన కొండ అది, పైన ప్లాస్టర్ పూత. లోపలంతా బోలు, వెనక సెల్లార్ గోడ. తను కట్టినదే కదా, అందులో ఏముంటుంది?

టక్... టక్... టక్.

ఇక ఫోన్ చేయడానికి చెయ్యి దానంతటదే వచ్చింది. “ఒకసారి రారా, గస్. ఎందుకని అడక్కు.”

గస్ సెల్లార్ తలుపు తట్టే తీరు ఒకటుంది. రెండుసార్లు తట్టి, ఆగి, మరొకటి. ముప్ఫై ఏళ్లుగా అంతే. ఆ తట్టు వినగానే లెన్‌కి ప్రాణం లేచొచ్చింది. భుజాల మీద మంచుతో, రబ్బరు బూట్లలో ఎప్పటిలాగే ఎడమకాలు ఈడ్చుకుంటూ గస్ మెట్లు దిగాడు.

“చచ్చేలా ఉన్నావేంట్రా, నీ మొహం...” అంటూనే ఆగిపోయాడు. అతనికీ వినబడింది.

బల్ల దగ్గరికి నడిచాడు. తర్వాత వంగి, వేలిగోటితో కొండ మీద తట్టాడు. రెండు, ఆగి, ఒకటి.

లోపలినుంచి జవాబొచ్చింది. రెండు... ఆగి... ఒకటి.

“మట్టి ఎక్కడిది?” గస్ గొంతు గుసగుసలా ఉంది.

“...అక్కడిదే.”

“కాల్చావా?”

“కాల్చాను. బతికున్నవేమైనా ఉంటే చస్తాయని.”

“బతికున్నవి చస్తాయి. ముందే చచ్చినవాళ్లని ఏం చేద్దామనుకున్నావ్?”

లెన్ కొండనుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“తెరువు, లెన్.”

“రేపు జనం వస్తార్రా. ఆ ఇటుకలు ఒక్కోటి చేత్తో కోసి...”

గస్ అతని వంక ఒక్క చూపు చూసి, బొటనవేలితో బొమ్మ గని ముందున్న ఆ ఇటుకల గోడను నొక్కాడు. పుటుక్కున విరిగింది. అగ్గిపెట్టెంత కన్నం. నల్లగా ఉంది.

దీపాలు పోయాయి.

చీకట్లో ముందు గాలి వీచినట్టనిపించింది. తర్వాత కాగితం మీద చినుకులు పడుతున్నట్టు సన్నటి చప్పుడు... ఎన్నో అడుగులు... కన్నంలోంచి బల్ల మీదికి, బల్ల మీద నలుమూలలకూ. ఎవరో దగ్గారు. చాలా చిన్న దగ్గు. ఊపిరితిత్తుల్లో బొగ్గు నిండినవాళ్ల దగ్గు.

“నాన్నా?” అన్నాడు గస్. అరవై ఏళ్లు దాటినవాడి గొంతు కాదది.

లెన్ గోడ తడుముకుంటూ ఫ్యూజుల దగ్గరికి పరిగెత్తాడు. వెనక ఈడుపుకాలి చప్పుడు వినబడింది. తర్వాత అదీ లేదు. ఫ్యూజు సరిచేసి తెల్లదీపాలు వేసి చూస్తే గస్ లేడు.

ఏడుపొచ్చి పైకెళ్లిపోయుంటాడు అనుకున్నాడు. చెప్పకుండా వెళ్లిపోవడం వాడికి కొత్తా? తట్టడం కూడా ఆగింది. లోపల చిక్కుకున్న గాలి అయ్యుంటుంది, ప్లాస్టర్ ఆరుతూ చిటపటలాడి ఉంటుంది... ఏదో ఒకటి. చేతులకు ఏదో పని కావాలి. ఆ నల్లటి కన్నం తననే చూస్తున్నట్టుంది, ఫోటోలో అది లేదు కూడా. చిమటా, జిగురూ తీసుకుని కూర్చున్నాడు. ఒక్కో ఇటుకా మళ్లీ పేర్చాడు. పూర్తయ్యేసరికి నిజంగానే మనసు కుదుటపడింది. మొదటిదానికన్నా బాగా వచ్చింది.

పైన తలుపు చప్పుడైంది. రోజాన్ మెట్ల మీదినుంచి కేకేసింది. “గస్ వచ్చాడా? కారు బయటే ఉంది, మంచులో కూరుకుపోయి. భోంచేసి వెళ్లమను, పిరోగీలు తెచ్చాను!”

లెన్ భూతద్దం దీపం లాక్కుని బల్ల మీదికి వంగాడు.

జిగురు ఆరింది. ఆరిన మట్టిలో అడుగులున్నాయి. జీలకర్ర గింజంత అడుగులు, ఒక్కోదాని మడమలో మేకుల గుర్తులు. గని ముఖంలోంచి బయల్దేరి, వీధిలోకొచ్చి విడిపోయి, ఒక్కో వరసా ఒక్కో గుమ్మం దాకా వెళ్లింది. గుమ్మం దాటి వెనక్కి వచ్చింది ఒక్కటీ లేదు. గస్ తీగలు కలపని ఆ ఇళ్ల కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి.

లెన్ అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. పదమూడు. ప్రోకోప్‌ల ఇల్లొక్కటే చీకటిగా ఉంది. దాని గుమ్మం దాకా ఏ అడుగులూ రాలేదు. పద్నాలుగోవాడు బయటికే రాలేదు.

గని లోపలికి వెళ్లిన వరస ఒకటే ఉంది. బల్ల అంచునుంచి మొదలైంది. అవీ అంతే చిన్నవి, మేకులు లేని నున్నటి రబ్బరు బూట్లవి. ఎడమ అడుగు దగ్గరల్లా ఈడ్చిన గీత. తిన్నగా వెళ్లి, తను ఇప్పుడే పేర్చిన ఇటుకల కిందికి పోయింది.

“గస్!”

గోళ్లతో ఇటుకలు పీకాడు. థర్మోకోలు చీల్చాడు. ప్లాస్టర్ పెళ్లలు నేల మీద పడుతున్నాయి. రోజాన్ మెట్లు దిగి వచ్చి, చేతుల పిండి దులుపుకోకుండానే అతని భుజాలు పట్టుకుని లాగుతోంది. “ఏమైంది లెన్? లెన్, ఏం చేశావ్?”

కొండ మొత్తం పోయింది. వెనక గోడ బయటపడింది. సిమెంటు గోడ. చిల్లి లేదు, పగులు లేదు. లెన్ దానికి చెవి ఆనించాడు.

చాలా లోపలినుంచి వచ్చింది. రెండు... ఆగి... ఒకటి.

దాని పక్కనే ఇంకో తట్టు. అంతకన్నా నెమ్మదిగా.